అడిగితేనే అవుట్

ఈ మధ్య ఉత్తర జర్మనీలో బేస్‌బాల్ అంపైర్ల శిక్షణకు వచ్చేవాళ్లలో మన పిల్లలు ఎక్కువయ్యారు. మాస్టర్స్ చదువుతూ శని ఆదివారాల్లో గదిలో కూర్చోలేక వచ్చేవాళ్లు కొందరు, క్రికెట్ ఆడి మోకాళ్లు పాడుచేసుకున్న ఐటీ ఉద్యోగులు కొందరు. మొదటి రోజే అడుగుతారు: "అంకుల్, రూల్ బుక్ ఎంతవరకు చదవాలి?" మొత్తం చదవాలి. అది ఒక చలికాలం పని. ఆ పుస్తకంలో లేని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటికోసం ఇది రాస్తున్నాను.

నేను హాంబర్గ్‌లో బడిపిల్లలకు వ్యాయామం నేర్పేవాణ్ణి. వారాంతాల్లో బేస్‌బాల్ అంపైర్‌ని. రెండిటికీ జీతం వచ్చేది, ఒకదానికి మాత్రం తిట్లు కూడా వచ్చేవి. రెండిటి నుంచీ రిటైరయ్యాక జ్ఞాపకం వచ్చేది తిట్లు వచ్చిన ఉద్యోగమే.

నేను పెరిగింది తెనాలి వైపు, ఒక హేతువాదుల చర్చా మండలిలో. మా సభల్లో ఒక నియమం ఉండేది. వక్త ఎంత పెద్దవాడైనా ప్రసంగం అయ్యాక ప్రశ్నలకు నిలబడాలి. దేవుడు లేడని చెప్పడానికి వచ్చినవాడికి కూడా మినహాయింపు లేదు. నచ్చని మాట చెప్పినవాణ్ణి క్షమించేవాళ్లం, ప్రశ్నలకు ముందే బస్సు వేళయిందని లేచిపోయినవాణ్ణి క్షమించేవాళ్లం కాదు. ఆ శిక్షణ నాకు మైదానంలో పనికొచ్చినంతగా మరెక్కడా పనికిరాలేదు. ఎలా పనికొచ్చిందో చెప్పడానికి ఒక్క సీజన్ చాలు.

కొండమీది జట్టు

పెద్ద సమాఖ్యతో పొసగక కొన్ని క్లబ్బులు విడిపోయి సొంతంగా ఒక చిన్న లీగ్ పెట్టుకున్నాయి. హాంబర్గ్, బ్రెమెన్, ఇంకా రెండు మూడు ఊళ్లు. ఆటగాళ్లకు ఆటకింత అని ముట్టేది. అది తిండికి చాలేది కాదు గాని, 'ప్రొఫెషనల్' అని చెప్పుకోవడానికి చాలేది. హాంబర్గ్ మైదానంలో గాలి రెండు జట్లనూ సమానంగా ఏడిపించేది. బ్రెమెన్‌లో కంచె దాటిన బంతి ఎవరో పెద్దాయన పెంచుకునే బంగాళాదుంప మళ్లలో పడేది. అడిగితే ఆయన ఇచ్చేవాడు కాదు.

అన్నిటికంటే పేద జట్టు హార్జ్ కొండల్లోని క్లాస్తాల్‌ది. పాత ఆటగాళ్లకు వయసు మీరింది. కుర్రవాళ్లు ఉద్యోగాలకు కిందికి దిగిపోయారు. సరిగ్గా అప్పుడే అక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి మన విద్యార్థులు గుంపులుగా రావడం మొదలైంది. క్రికెట్ ఆడిన చేతులు, బంతిని దూరం నుంచి గురిగా విసిరే అలవాటు. క్లబ్బుకు మనుషులు కావాలి, వీళ్లకు ఆట కావాలి. రెండేళ్లలో జట్టులో సగానికి పైగా తెలంగాణ, ఆంధ్ర పిల్లలే అయ్యారు.

కెప్టెన్ రవీందర్‌ది కరీంనగర్. క్లాస్తాల్‌లోనే చదివి, దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో బ్లూ కార్డ్ వర్క్ వీసా మీద ఇంజనీరుగా చేరాడు. కొత్తగా దిగిన ప్రతి విద్యార్థినీ స్టేషన్ నుంచి గదికి చేర్చేది అతనే. అన్మెల్డుంగ్‌కు, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదుకు, టెర్మిన్ (అపాయింట్‌మెంట్) తీసేది అతనే, అద్దె గది చూసిపెట్టేది అతనే. అందరికీ 'అన్న'.

ఇంకొక మనిషి సౌజన్య. ఆర్మూరు దగ్గరి పిల్ల. గురుకుల పాఠశాలలో సాఫ్ట్‌బాల్ ఆడి రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. సాఫ్ట్‌బాల్‌కూ బేస్‌బాల్‌కూ నియమాలు చాలావరకు ఒకటే. ఆ జట్టులో ఆట మొత్తం తెలిసి ఆడేది ఆమె ఒక్కతే. లీగ్‌లో ఆడపిల్లను తీసుకున్న జట్టు కూడా అదొక్కటే, అదీ మనుషులు చాలక. ఆ ఏడు మొదట్లోనే యజమానులు ప్రకటించారు: చివరిన నిలిచిన జట్టు వచ్చే ఏడు లీగ్‌లో ఉండదు. క్లాస్తాల్ పోతే సౌజన్యకు ఆ లీగ్‌లో ఆడడానికి వేరే చోటు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, జట్టుకూ తెలుసు.

నిమ్మకాయ, సాక్సులు

ఆ సీజన్ తొలి ఆట కొండమీదే జరిగింది. నాతో ఉన్న రెండో అంపైర్, ఎవరిని ఏ ఆటకు వేయాలో నిర్ణయించే మా బాస్ హెర్ లూడర్స్. బ్యాట్ పట్టినవాడి ముందు నేలమీద ఉండే పలకను తుడవడానికి వంగి, దానిమీంచి కుంకుమ పూసిన నిమ్మకాయను రెండు వేళ్లతో పైకెత్తాడు.

"ఇదేమిటి? టీకి పెట్టారా?"

"కాదు, భయం" అన్నాను.

ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. తరువాత నిజంగానే టీలో పిండుకున్నాడని విన్నాను. ఆయనకు ఏమీ కాలేదు.

మనవాళ్లను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. అదే రోజు అవతలి జట్టులో బంతి విసిరే జర్మన్ కుర్రవాడు, అంతకుముందు గెలిచిన ఆటలో వేసుకున్న సాక్సులే ఉతక్కుండా వేసుకొచ్చాడు. ఉతికితే అదృష్టం పోతుందట. సొంత జట్టువాళ్లే అతనికి దూరంగా కూర్చున్నారు. మూఢనమ్మకానికి వీసా అక్కర్లేదు.

బేస్‌బాల్‌లో ఇంకొక పాత నమ్మకం ఉంది. మైదానంలోకి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు సున్నంతో గీసిన తెల్లగీతను తొక్కకూడదు, దాటాలి. రవీందర్ దాన్ని జర్మన్ ఆటగాళ్ల దగ్గర వారంలో నేర్చుకున్నాడు. అలసిపోయి కాళ్లీడ్చుకుంటూ వచ్చినా గీత దగ్గర మాత్రం చెంగున దూకేవాడు. కొత్త దేశంలో మనం ముందు నేర్చుకునేది అక్కడి మూఢనమ్మకం, భాష తరువాత. ఈ గీత సంగతి గుర్తుంచుకోండి.

చూసి ఊరుకోవడం

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. బంతిని కొట్టినవాడు చదరంగా ఉన్న నాలుగు మూలలూ చుట్టి, బయల్దేరిన చోటికి చేరితే ఒక పరుగు. ప్రతి మూలలో ఒక బేస్ ఉంటుంది, దాన్ని కాలితో తాకాలి. తాకకుండా వెళ్లిపోతే అవుటే. కాని అంపైర్ తనంతట తాను అవుట్ అనకూడదు. అవతలి జట్టు బంతితో ఆ బేస్ తొక్కి, 'ఇతను దీన్ని తాకలేదు' అని అడగాలి. అదీ తరువాతి బంతి పడేలోపు. ఆట అయిపోతే, వాళ్లు మైదానం దాటేలోపు. అడగలేదా, తాకినట్టే.

కొత్తలో నాకిది మింగుడు పడలేదు. కళ్లారా చూసిన నిజాన్ని చెప్పకపోవడం అబద్ధంతో సమానం కాదా అని లూడర్స్‌తో ఒక చలికాలమంతా వాదించాను. ఆయన వాదించే మనిషి కాదు. చివరికి ఒక్క మాట అన్నాడు: "జట్టుకు తొమ్మిది మంది. నువ్వు అడక్కుండా చెప్తే ఆ జట్టుకు పదో మనిషివి."

లూడర్స్ మంచి అంపైర్, మంచి బాస్ కాదు. రెండూ ఒకటని పొరబడకండి. సీజన్ మొదలుకాకముందు, క్లాస్తాల్ ఆటలకు నన్ను వేయనన్నాడు.

"ఎందుకు?"

"నీ వాళ్లు కదా."

"మీరు బ్రెమెన్‌లో పుట్టి బ్రెమెన్ ఆటలకు తీర్పు చెప్పడం లేదా?"

కాసేపు ఆలోచించి వేశాడు. వేస్తూ, "అవతలి జట్లు నిన్ను అనుమానిస్తాయి. దాన్ని తట్టుకోవచ్చు. నీ వాళ్లు నిన్ను నమ్ముతారు. అది కష్టం" అన్నాడు. ఆయన నాతో అన్న తెలివైన మాట అదొక్కటే. నాకు అర్థం కావడానికి వేసవి దాకా పట్టింది.

"మనోడే"

హాంబర్గ్‌లో ఆట. బేస్‌ల దగ్గర అంపైర్‌ని నేను. హాంబర్గ్ ఆటగాడొకడు రెండో బేస్‌ను తాకకుండా మలుపు తిరిగి పరుగు పూర్తిచేశాడు. నేను చూశాను. రెండో బేస్ దగ్గర కాపలా ఉన్న సౌజన్యా చూసింది. బంతి రవీందర్ చేతిలో ఉంది. ఆమె అతని దగ్గరికి పరుగెత్తింది. వాళ్లు మాట్లాడుకున్నది నాకు నాలుగడుగుల దూరంలో, తెలుగులో. ఆ మైదానంలో బయటివాళ్లలో అది అర్థమయ్యేది నాకొక్కడికే.

"అన్నా, వాడు బేస్ తొక్కలే. బాల్ ఇటియ్యి, అడుగుతా."

"ఊకో. సార్ చూసిండు గదా."

"చూసినా అడగకుంటే ఇయ్యరన్నా. రూల్ గట్లనే ఉంటది."

"నీ సాఫ్ట్‌బాల్ రూల్స్ ఈడ చెప్పకు. సార్ మనోడే. అంత పెద్దాయనకు మనం చెప్పాల్నా? పో, నీ జాగల నిలవడు."

ఆమె నావైపు చూసింది. నేను నా టోపీ సవరించుకున్నాను. తరువాతి బంతి పడింది. అడిగే హక్కు పోయింది. ఆ ఒక్క పరుగుతోనే క్లాస్తాల్ ఓడింది.

ఆట అయ్యాక కార్ల దగ్గర రవీందర్ నన్ను పట్టుకున్నాడు. వెనకాల జట్టంతా ఉంది.

"సార్, ఆ పోరడు సెకండ్ బేస్ తొక్కలేదు. మీరు చూసిన్రా, చూడలేదా?"

"చూశాను."

"చూసి అవుట్ ఎందుకియ్యలే?"

"మీరు అడగలేదు."

"అడుగుడేంది సార్!"

"క్రికెట్‌లో గొంతులు చించుకుని అడుగుతారు కదయ్యా. ఇక్కడేమైంది?"

"అది వేరే సార్. ఆడ అంపైర్ మనోడు కాదు."

పక్కనున్నవాళ్లు తలలూపారు. అతను వేళాకోళమాడలేదు, నిజంగా నొచ్చుకున్నాడు. మనవాడైతే అడగక్కర్లేదు. పెద్దవాడైతే అడగకూడదు. మన ఇళ్లలో, బళ్లలో, ఆఫీసుల్లో ఈ రెండు సూత్రాలూ కలిసి చేసే నష్టం నాకు ముందే తెలుసు. ఒక ఆటలో అది స్కోరు బోర్డు మీద అంకెగా కనబడడం మాత్రం అదే మొదటిసారి.

రవీందర్ చెడ్డవాడు కాదు. చలిలో తెల్లవారకముందే లేచి ముక్కూమొహం తెలియని పిల్లల కోసం స్టేషన్‌కు వెళ్లేవాళ్లు ఎందరుంటారు? కాని సాయం చేసినవాణ్ణి ప్రశ్నించడం కృతఘ్నత అని మనకు ఊయలలోనే నూరిపోస్తారు. అతను ఎవరి నోరూ నొక్కలేదు. వాళ్లే నోళ్లు తీసుకెళ్లి అతని చేతిలో పెట్టారు. సౌజన్య ఉంటున్న గది కూడా అతను చూసిపెట్టిందే. ఆ ఇంట్లో మిగతా ముగ్గురూ జట్టువాళ్లే.

ఆ సాయంత్రం సౌజన్య కారెక్కుతూ ఒక్కటే అడిగింది: "సార్, అన్న వద్దన్నా నేను అడిగితే చెల్లుతదా?"

"బంతి చేతిలో ఉంటే తొమ్మిది మందిలో ఎవరు అడిగినా చెల్లుతుంది."

నియమం గురించి ఎవరు అడిగినా చెప్పడం అంపైర్ పని. ఆమె అడిగింది కాబట్టి చెప్పాను.

కొండమీద ఆఖరి ఆట

సీజన్ చివరి ఆటకు బ్రెమెన్ జట్టు కొండెక్కి వచ్చింది. గెలిస్తే క్లాస్తాల్ లీగ్‌లో ఉంటుంది, ఓడితే పోతుంది. ఊళ్లోని మన విద్యార్థులంతా వచ్చారు. ఎవరో స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయిస్తున్నారు. ఒక పక్క నుంచి పొగమంచు దిగుతోంది.

చివరి ఇన్నింగ్స్. స్కోర్లు సమం, ఒక్క పరుగు వస్తే గెలుపే. క్లాస్తాల్ బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. రవీందర్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. వస్తూ తెల్లగీత దగ్గర చెంగున దూకాడు. సౌజన్య మూడో బేస్ పక్కన నిలబడింది. పరుగెత్తేవాళ్లకు ఆగమనో రమ్మనో చెప్పడానికి సొంత జట్టు మనిషి ఒకరు అక్కడ ఉంటారు.

రెండో బంతికే కొట్టాడు. బంతి మైదానం చివర చెట్ల దాకా పోయింది. దాని వెంట పరుగెత్తిన బ్రెమెన్ కుర్రవాడు తడిగడ్డి మీద జారిపడ్డాడు. జనమంతా బంతిని చూస్తున్నారు. అంపైర్ బంతిని చూడడు, కాళ్లు చూస్తాడు. రవీందర్ మొదటి బేస్ తొక్కాడు. రెండో బేస్ దగ్గర, క్రికెట్‌లో రెండో పరుగుకు తిరిగేవాడిలా, దగ్గరికొచ్చి లోపలి నుంచే మలుపు తిరిగాడు. చేతిలో బ్యాట్ ఉండి చాపితే అందేంత దూరం. చేతిలో బ్యాట్ లేదు. పాదం బేస్‌కు జానెడు ఇవతల పడింది.

సౌజన్య చేతులూపుతూ ఏదో అరిచింది. పళ్లెం మోతలో వినబడలేదు. అతను మూడో బేస్ తొక్కి, బయల్దేరిన పలక మీద పడ్డాడు. జట్టంతా అతని మీద పడింది. అతన్ని పైకెత్తారు. కొందరు ఏడుస్తున్నారు.

నేను ఉన్నచోటే ఉన్నాను. బ్రెమెన్ వాళ్లు మైదానం దాటేవరకు అంపైర్ కదలకూడదు. వాళ్లు తలలు వంచుకుని నడుస్తున్నారు. వాళ్ల రెండో బేస్ ఆటగాడు ఆగాడు. బంతి కావాలని చెయ్యి చాపాడు. వెనక్కి నడిచి బేస్ మీద కాలు పెట్టి, కొంచెం సందేహంగానే, "ఇతను దీన్ని తాకలేదు" అన్నాడు.

పిడికిలి ఎత్తాను. అవుట్. పరుగు లేదు.

పళ్లెం ఆగిపోయింది. ముందు రవీందర్, వెనక మిగతావాళ్లు నా చుట్టూ చేరారు.

"ఏంది సార్ ఇది? తొక్కిన సార్. మా అమ్మ మీద ఒట్టు!"

"ఒట్లు నేను తీసుకోను."

"సార్‌కు జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చిందంట, మనం ఇప్పుడేం కనబడతం?" అన్నారెవరో వెనక నుంచి.

"బయటోడు చేసినా ఇంత బాధ కాకపోవు" అన్నాడు రవీందర్. "సౌజన్య థర్డ్ బేస్ కాడనే ఉండె. ఆమెకు కనబడ్డది. సౌజన్యా! ఇటు రా. చెప్పు సార్‌కు."

"తీర్పు ఇచ్చేశాను. నాకు సాక్ష్యం అక్కర్లేదు" అన్నాను.

"మీకక్కర్లేకపోతే నాకు కావాలె. చెప్పు సౌజన్యా, తొక్కిన్నా లేదా?"

ఆ సీజన్ మొత్తంలో అతను ఆమెను ఒక ప్రశ్న అడగడం నేను చూడడం అదే మొదలు. జవాబు తెలుసనుకునే అడిగాడు. ఆమె అతన్ని చూసింది. అతని వెనకున్న, తనతో ఒకే వంటింట్లో వండుకునే ముగ్గుర్నీ చూసింది.

"తొక్కలేదన్నా."

"ఏంది?"

"తొక్కలే. లోపల్నుంచి తిరిగినవ్. వెనక్కి పో అని అరిచిన. నీకు ఇనబడలే."

లూడర్స్ పలక దగ్గర నుంచి వచ్చి నా చెవిలో అడిగాడు: "ఆ అమ్మాయి ఏమంది?"

"అడిగారు. చెప్పింది" అన్నాను.

తొక్కకూడదన్న గీతను సీజన్ పొడుగునా జాగ్రత్తగా దాటినవాడు తొక్కవలసిన బేస్‌ను దాటిపోయాడు. మా మండలిలోనైతే దీని మీద ఒక సాయంత్రం ఉపన్యసించేవాణ్ణి. అక్కడ ఆట కొనసాగించమని మాత్రం చెప్పాను. అదనపు ఇన్నింగ్స్‌లో సౌజన్య నేలమీద పడి ఒక మంచి బంతి పట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బ్రెమెన్ ఒక పరుగు తేడాతో గెలిచింది.

చీకటి పడుతుండగా ఆమె బస్‌స్టాప్‌లో ఒంటరిగా ఉంది. జట్టు కార్లు వెళ్లిపోయాయి.

"తప్పు చేసిన్నా సార్?"

"నీకేమనిపిస్తోంది?"

చాలాసేపు గ్లవ్ లోపలి మట్టి దులిపింది. "అడిగిండు గదా సార్" అంది.

హాల్లో

ఆ చలికాలం ఆమె ఇంట్లో వంట వంతులు నడిచాయట. ఆమె వంతు రోజున మిగతా ముగ్గురికీ బయట పనులు పడేవట. "పప్పు మొత్తం నేనే తిన్న సార్, లావైన" అని ఫోన్లో నవ్వింది. రవీందర్ గది ఖాళీ చేయమనలేదు. మాట్లాడనూ లేదు.

బ్రెమెన్ మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. ఆ రోజు నిజం చెప్పిన అమ్మాయి ఎక్కడైనా ఆడుతోందా, తమ జట్టుకు వస్తుందా అని. "నన్నెందుకు అడుగుతారు? ఆమెను అడగండి" అన్నాను. అడిగాడు. ముందు థీసిస్ అవనివ్వండి అందట. వెళ్లింది ఆ మరుసటి ఏడు.

వసంతం మొదట్లో క్లాస్తాల్ క్లబ్బువాళ్లు కొత్త పిల్లలకు నియమాలు చెప్పమని నన్ను పిలిచారు. జట్టు ఇప్పుడు కింది స్థాయిలో, డబ్బుల్లేకుండా ఆడుతోంది. స్పోర్ట్స్ హాల్లో కొత్త బ్యాచ్ నేలమీద కూర్చుంది. పక్కన సౌజన్య కొందరికి గ్లవ్ ఎలా తొడుక్కోవాలో చూపిస్తోంది. కెప్టెన్ ఇంకా రవీందరే. నన్ను పరిచయం చేశాడు.

"సార్ మస్తు సీనియర్. మనోడే. కాని పోయిన సీజన్ మనం లీగ్‌ల నుంచి పోయింది కూడా సార్ చేతులనే. గెలిచిన మ్యాచ్. నన్ను బేస్ తొక్కలేదని అవుటిచ్చిండు."

పాతవాళ్లు నవ్వారు. ముందు వరసలో ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి, నిన్నగాక మొన్న రవీందరే స్టేషన్ నుంచి తీసుకొచ్చిన అమ్మాయి, చెయ్యెత్తింది.

"అన్నా, మరి మీరు తొక్కారా?"

పాతవాళ్లంతా సౌజన్య వైపు చూశారు. ఆమె తలెత్తలేదు. గ్లవ్ తాడు బిగిస్తోంది. రవీందర్ చేతిలోని బంతిని ఇటూ అటూ తిప్పాడు.

"తొక్కలే" అన్నాడు, దాదాపు బంతితోనే.

"గట్టిగ చెప్పన్నా, వెనకకు ఇనబడలే" అంది సౌజన్య, తాడు మీంచి చూపు తిప్పకుండానే.

"తొక్కలే తల్లీ, తొక్కలే!"

హాలంతా గొల్లున నవ్వింది. అతనూ నవ్వాడు, ఆలస్యంగా. నవ్వు సద్దుమణిగాక "షురూ చేయండి సార్" అని వెళ్లి కొత్తవాళ్ల మధ్య నేలమీద కూర్చున్నాడు.

నేను బేస్‌ను హాలు మధ్యలో పెట్టి, మొదలుపెట్టే ముందు ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని అడిగాను. కొన్ని చేతులు లేచాయి. అందులో రవీందర్‌ది కూడా ఉంది.